పొదుగుకొచ్చిన కోడి

సెలవుల్లో నెక్కొండ చుట్టుపక్కల మన తండాలకు పోయినప్పుడు చూసే ఉంటరు. కోడి గంపలోంచి లేవదు, చెయ్యి పెడితే ఈకలు లేపి పొడుస్తది, గుడ్లు పెట్టదు. అది రోగం కాదు. ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరిగితే కోడి పొదుగుకొస్తుంది.

పిల్లలు కావాలంటే వారంలోపు గుడ్లు పది పన్నెండు, చీకటి పడ్డాక దాని కింద పెట్టాలె. పుంజు ఉన్న మందలోని గుడ్లే కావాలి. హాస్టల్లో మనకు పెట్టే ఫారం గుడ్డు ఎన్నిరోజులు పొదిగేసినా పిల్ల కాదు, అక్కడ పుంజు ఉండదు! ఏడోరోజు రాత్రి టార్చిలైటు పెట్టి చూస్తే మంచి గుడ్డులో ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించనివి తీసెయ్యాలి. కోడి రోజుకొకసారి మేతకు దిగుతది, భయపడొద్దు. 21 రోజులకు పిల్లలు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా కోడి సాధారణంగా పొదగదు. దాని గుడ్లను మన నాటుకోడి పొదుగుతది.

పిల్లలు వద్దంటే కొందరు కోడిని నీళ్లలో ముంచుతరు, ముక్కులో ఈక గుచ్చుతరు. పాపం, దానికి నరకం. గూడులో పొట్ట వెచ్చగా ఉన్నంతకాలం పొదుగు వదలదు. అందుకే గడ్డి తీసేసి, కిందినుంచి గాలి తగిలేటట్టు ఎత్తుమీద పెట్టిన జాలి బోనులో, వెలుతురున్న చోట మూడు నాలుగు రోజులు ఉంచాలె. మేత, నీళ్లు మాత్రం ఆపొద్దు. తర్వాత కొద్దిరోజులకు మళ్లీ గుడ్లు మొదలుపెడుతుంది.