జలదోషము నీటి దోషమేనా?

బిడ్డ రెండు తుమ్ములు తుమ్మినంతనే మన యిండ్లలో వినవచ్చు మొదటి ప్రశ్న, "నిన్న తలకు పోసినావా?" అనునది. వేలూరు, గుడియాత్తము, నెమిలి ప్రాంతముల తెలుగువారమగు మనము ఇంట దానిని జలుబనియు పడిశమనియు అందుము. వీధిలో మన తమిళ సోదరులు జలదోషమందురు. ఆ పేరులోనే తీర్పు ఇమిడియున్నది: దోషము జలముది. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో తల్లిదండ్రులతో కలసి విచారింపదలచినాము. ఏలయన, నీటిని నిందించుచు కూర్చున్నచో అసలు కారణము మన కన్నుగప్పును. బిడ్డకు అందవలసిన చికిత్స ఆలస్యమగును.

జలుబు వైరస్సులను అతిసూక్ష్మ క్రిముల వలన కలుగును. వీనిలో రైనోవైరస్సులు ముఖ్యమైనవి. జలుబు చేసినవారి తుమ్ము తుంపరల వలనను, వారు తాకిన వస్తువులను తాకి అదే చేతితో ముక్కును, కన్నులను నలుపుకొనుట వలనను ఇవి ఒకరినుండి యొకరికి ప్రాకును. క్రిమి సోకనిదే ఎన్ని చెంబులు తలపై గ్రుమ్మరించుకొన్నను జలుబు రాదు. 1968లో అమెరికా వైద్యులు కొందరికి రైనోవైరస్సును సోకించి, వారిలో కొందరిని చలిలో నుంచి పరీక్షించిరి. చలి వలన జబ్బు హెచ్చినట్లు కనబడలేదు.

అట్లని పెద్దల మాటను పూర్తిగా త్రోసిపుచ్చుటయు తగదు. 2005లో బ్రిటన్ దేశపు కార్డిఫ్ నగరమున 180 మందితో ఒక పరీక్ష జరిగినది. వారిలో సగము మంది తమ పాదములను 20 నిమిషములు చన్నీట నుంచిరి. తరువాతి నాలుగైదు దినములలో జలుబు లక్షణములు కలిగినవని చెప్పినవారు ఆ సగములోనే ఎక్కువ. ముక్కులో ముందే చేరిన క్రిమి, చలి తగిలినప్పుడు విజృంభించియుండవచ్చునని పరిశోధకుల ఊహ. కావున చలి తోడుదొంగ యైన కావచ్చును గాని అసలు దొంగ కాదు. తలంటిన పిదప జుట్టును తుడిచి ఆరబెట్టవలెనన్న అవ్వ మాట మంచిదే. దానికి తోడు చేతులను సబ్బుతో కడుగుకొను అలవాటును కూడ మనము నేర్పవలెను.

రెండవ నమ్మకము జ్వరమునకు సంబంధించినది. జ్వరము తగులగానే బిడ్డ ఒంటికి నీటిచుక్క తగులనీయక, కంబళి కప్పి, కిటికీలు మూయుట మనలో పలువురి వాడుక. ఒంటి వేడి వెలుపలికి పోవలసిన సమయమున దానిని లోపల బంధించుట మేలు కాదు. పలుచని బట్టలు వేసి, గాలి ఆడనిచ్చి, తరచుగా నీరు, గంజి, మజ్జిగ త్రాగింపవలెను. గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడిచినంత మాత్రమున జ్వరము ముదరదు. బిడ్డకు హాయి కలుగును. వణుకు పుట్టించు చన్నీరు మాత్రము వలదు.

మూడవది ఆటలమ్మ. ఒంటిపై పొక్కులు లేచినంతనే "అమ్మవారు పోసినది" అని వాకిట వేపమండలు కట్టుదురు. నీళ్లు పోయు దినము వచ్చువరకు స్నానము మాన్పింతురు. వేపమండ చూచి పరాయివారు లోనికి రాకుండుట నిజముగా ప్రయోజనకరమే. ఈ జబ్బు పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినముల ముందునుండి అవి యన్నియు చెక్కులు కట్టువరకు ఇతరులకు అంటును. గర్భిణులకును పసికందులకును ఇది ప్రమాదకరము కావచ్చును. కాని స్నానము మాన్పుట వలన మేలు లేదు. చెమట, మురికి చేరిన చర్మమును బిడ్డ గోకినచో పొక్కులలో చీము పట్టును. గోళ్లు కత్తిరించి, దినదినము గోరువెచ్చని నీరు మెల్లగా పోసి, రుద్దక అద్దవలెను. వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ మాత్రలు పిల్లలకు ఈయరాదు. గుడియాత్తమున ఏటేట గంగమ్మ సిరసు ఉత్సవము కన్నులార చూచు మనకు అమ్మవారియందు భక్తి క్రొత్త కాదు. ఆ భక్తికి బిడ్డ శుభ్రత విరోధము కానేరదు. ఒకప్పుడు వేలకొలది ప్రాణములు గొన్న మశూచికము, టీకాల వలన భూమండలమునుండియే తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది. ఆటలమ్మకు కూడ నేడు టీకా కలదు.

ఇక పసిబిడ్డల స్నానము. పుట్టిన తరువాత 24 గంటల వరకు స్నానము చేయింపవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. శిశువు ఒళ్లు చల్లబడుట ప్రమాదమగుటయే దీనికి ముఖ్య కారణము. పిమ్మట బిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని నూనె రాచి నీళ్లు పోయుట చక్కని ఆచారము. అయితే ముక్కులో, గొంతులో నూనె చుక్కలు వేసి ఊదుట మిక్కిలి అపాయము. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలిగింపగలదు. స్నానానంతరము వేయు సాంబ్రాణి పొగ కూడ ఆ చిన్ని ఊపిరితిత్తులకు పడదు. జలుబు రాకుండుటకై చేయు పనియే ఊపిరికి ముప్పు తెచ్చుట ఎంత విపరీతము!

నీటి వలన జబ్బులే రావని మా యభిప్రాయము కాదు. నారికురుపునే చూడుడు. రోగి బాధ తాళలేక కాలిని దిగుడుబావి నీటిలో ముంచినప్పుడు, కురుపులోని పురుగు తన పిల్లలను ఆ నీటిలోనికి విడుచును. ఆ నీటిని వడగట్టక త్రాగినవారికి సుమారు ఏడాదికి అదే కురుపు లేచును. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ మొదలగు ఏడు రాష్ట్రములు ఈ బాధ నెఱిగినవే. మందు లేదు, టీకా లేదు; నీటిని గుడ్డతో వడగట్టుట, దిగుడుబావులను మార్చుట వంటి పనులతోనే అది తొలగినది. మన దేశమున కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ధ్రువీకరింపబడినది.

నేడు మన స్నానపు గదులలో పొంచియున్న శత్రువు వేఱు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ, తొట్లలో, గంగాళములలో నిలిచిన తేటనీటియందే గ్రుడ్లు పెట్టును. సుమారు వారము పదిదినములలో ఆ గ్రుడ్లు దోమలగును. ఒక బిడ్డకు జ్వరము వచ్చినచో "తలకు పోసితిమి గదా" అని మనము చింతించుచుందుము. ఆ నీరు వచ్చిన తొట్టిలో పురుగులు కదలుచుండును, చూడము. కుళాయి నీరు దినమును రాని మన ఊళ్లలో నిలువ చేయక తప్పదు. కాని తొట్టిని మూతవేసి యుంచుట, వారమున కొకమారు ఖాళీచేసి గోడలను గట్టిగా తోముట మన చేతిలోని పని. గ్రుడ్లు గోడలకు అంటియుండును గనుక నీరు మార్చినంత మాత్రమున చాలదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. బయటినుండి వచ్చి కాళ్లు చేతులు కడుగుకొనుట, తల ఆరబెట్టుట, రోగిని వేఱుగా నుంచుట—ఈ ఆచారములను నిలుపుకొందము. జ్వరములో కంబళి బిగించుట, ఆటలమ్మలో స్నానము మాన్పుట, ముక్కులో నూనె వేయుట—వీనిని విడుతము. బిడ్డ ఆయాసపడినను, మూర్ఛ వచ్చినను, త్రాగలేకపోయినను, మత్తుగా పడియున్నను, ఎప్పుడు తలకు పోసితిమో లెక్కించుచు నిలువక, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మూడు దినములకును జ్వరము తగ్గకున్నను వైద్యునికి చూపవలెను. అచ్చట వైద్యుడు అడుగు ప్రశ్నలు వేఱు: జ్వరము ఎన్నాళ్లనుండి? మూత్రము సరిగా పోయుచున్నదా? ఇంట మఱెవరికైన జ్వరము కలదా? వానికి సమాధానములు గుర్తుంచుకొని వెళ్లుదము.