మతిమరుపు జబ్బుకు మొక్కల మందు: ఎంతవరకు నమ్మాలి?

ఇంట్లో పెద్దాయన అన్నం తిని కూడా తినలేదంటాడు. రోజూ పోయే చేనికే దారి తప్పుతాడు. ముసలితనం కదా అని ఊరుకుంటాం. ఇలాంటి మతిమరుపు నానాటికీ పెరుగుతుంటే అది అల్జీమర్స్ జబ్బు కావచ్చు. 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ దీన్ని మొదట వివరించారు. ఈ జబ్బులో మెదడు కణాలు క్రమంగా చచ్చిపోతాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అందుకే సంతల్లో పొడులు, లేహ్యాలు అమ్మేవాళ్ల మాటలకు గిరాకీ.

మొక్కల్లో మందే లేదని కాదు. 1950లలో బల్గేరియాలో స్నోడ్రాప్ అనే దుంపజాతి పూలమొక్క నుంచి గాలంటమిన్ అనే పదార్థం తీశారు. 2001లో అమెరికా దీన్ని అల్జీమర్స్‌కు అనుమతించింది. ఇదే పదార్థం కోసం బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో డాఫొడిల్ పూలమొక్కలు సాగు చేశారు. డాఫొడిల్ దుంపను నేరుగా తింటే విషమే. అందులోని పదార్థాన్ని శుద్ధి చేసి, మోతాదు కట్టాకే మందయింది. అదైనా లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుంది, జబ్బును ఆపదు.

అన్ని మొక్కలూ పరీక్షకు నిలవలేదు. గింకో ఆకుల సారాన్ని అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3 వేల మందికి పైగా వృద్ధులపై ఆరేళ్లపాటు పరీక్షించారు. జబ్బు రాకుండా ఆపలేదని 2008లో తేలింది. మన పసుపులోని కుర్క్యుమిన్ ప్రయోగశాలలో ఆశ చూపింది గానీ, తిన్నది రక్తంలోకి చేరేది బహు తక్కువ. కూరలో పసుపు మానక్కర్లేదు, దాన్నే మందనుకోవద్దు. సరస్వతి ఆకు, నీటి బ్రాహ్మి వేర్వేరు మొక్కలు. రెండింటినీ బ్రాహ్మి పేరుతోనే అమ్ముతుంటారు. ఇవి అల్జీమర్స్‌ను ఆపుతాయని రుజువు కాలేదు. అశ్వగంధ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు నమోదు చేశారు.

కాబట్టి రైతు సోదరులు ఇవి గుర్తుంచుకోవాలి:

1. మతిమరుపు కనిపిస్తే ముందు డాక్టరుకు చూపించండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో తగ్గుతుంది.

2. బీపీ, షుగరు, గుండె మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఏ మూలికా వాడొద్దు.

3. "మతిమరుపు మందుకు గిరాకీ, వేయండి" అని ఎవరైనా ఔషధ మొక్కల నారు అంటగడితే, కొనేదెవరో, ధరెంతో కాగితం మీద రాయించుకోండి. అదీ తేలకుండా ఎకరాలకెకరాలు వేయొద్దు.

4. జబ్బు ఉన్న పెద్దవాళ్లను పురుగుమందు కలపనివ్వొద్దు. డబ్బాలకు తాళం వేయండి. బావి దగ్గరికి, మోటారు స్టార్టరు దగ్గరికి ఒంటరిగా పంపొద్దు.