కంప్యూటరు డిగ్రీ చదువులో ఏమి నేర్పుదురు?

హైదరాబాదులోని సనత్‌నగర్ ఒకప్పుడు యంత్రముల చప్పుడుకు ప్రసిద్ధి చెందిన ప్రాంతము. 1942లో స్థాపితమైన ఆల్విన్ సంస్థ అచ్చట రిఫ్రిజిరేటర్లను, బస్సు బాడీలను తయారుచేసెను. ఫిట్టరు పనియో, వెల్డింగు పనియో నేర్చిన గ్రామ యువకులకు అట్టి కర్మాగారములు జీవనాధారములయ్యెను. నేడు ఆల్విన్ కర్మాగారము లేదు. కాని ఇనుమును కొలుచుట, కోయుట, అతుకుట క్షుణ్ణముగా నేర్చినవాడు ఆ విద్యతో మరియొకచోట పనిచేయగలిగెను. ఒక్క యంత్రపు మీటను త్రిప్పుట మాత్రమే ఎరిగినవానికి ఆ యంత్రముతోపాటు పనియు పోయెను.

ఈ భేదమును మనస్సున నుంచుకొని ఇప్పటి సంగతి చూతము. సనత్‌నగర్‌కు సమీపమున అమీర్‌పేట కలదు. మైత్రీవనము చుట్టుపట్ల గల వీధులలో కంప్యూటరు శిక్షణ కేంద్రముల బోర్డులు గోడలు కనబడనంత దట్టముగ ఉన్నవి. డిగ్రీ ముగించిన గ్రామ యువతీ యువకులు ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో దిగి, ఆ కేంద్రములకు పోవుచున్నారు. ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. నాలుగేండ్లు కంప్యూటరు చదువే చదివినవానికి మరల ఈ శిక్షణ ఎందులకు? కుమారుని చదువునకు పొలము తాకట్టు పెట్టిన రైతు, శిక్షణకు మరల అప్పు చేయవలయునా అని అడుగుటకు మొదట పంచాయతీ సభ్యుని యొద్దకే వచ్చును. సమాధానము చెప్పుటకు ఆ చదువులో ఏమున్నదో సభ్యునికి స్థూలముగనైన తెలిసియుండవలెను.

చదువు రకములు

ఇంటర్మీడియెట్ తరువాత కంప్యూటరు విద్యకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది నాలుగేండ్ల బి.టెక్. రెండవది బి.ఎస్‌సి. లేక బి.సి.ఎ.; ఇవి మూడేండ్లవి. పాలిటెక్నిక్ డిప్లొమా ముగించినవారు ప్రవేశ పరీక్ష వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరమున చేరవచ్చును. పదవ తరగతి తరువాతనే చేరదగిన ఆరేండ్ల సమగ్ర విద్య కూడ కలదు. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో దీనిని ప్రారంభించెను.

కూకట్‌పల్లిలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 1972లో స్థాపితమైనది. దాని 2022 నాటి నిబంధనల ప్రకారము బి.టెక్. పట్టమునకు 160 క్రెడిట్లు పొందవలెను. వారమునకు ఒక గంట పాఠమునకు ఒక క్రెడిట్. ప్రయోగశాలలో రెండు గంటల పనికి ఒక క్రెడిట్. ప్రయోగశాలను వదలి గైడు పుస్తకములు వల్లించినవాడు చదువులో చాల భాగమును పోగొట్టుకొన్నట్లే అని దీనివలన గ్రహింపవచ్చును.

పాఠముల సారము

మొదటి మెట్టు ప్రోగ్రామింగు. కంప్యూటరు తనంత తాను ఏమియు ఎరుగదు. చేయవలసిన పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్క మెట్టును వదలక చెప్పవలెను. సాధారణముగా సి, పైథాన్, జావా అను భాషలలో ఈ అభ్యాసము చేయింతురు.

రెండవది సమాచారమును అమర్చు విధానము. దీనిని డేటా స్ట్రక్చర్స్ అందురు. ఒక ఉదాహరణము చూడుడు. ఓటర్ల జాబితాలో 1,000 పేర్లు ఎట్లు పడిన అట్లు వ్రాసియున్నచో, ఒక పేరును వెదకుటకు ఒక్కొక్కప్పుడు వేయి పేర్లును చూడవలసివచ్చును. అవే అక్షరక్రమమున నున్నచో, నడుమ పేరు చూచి, కావలసినది ముందున్నదో వెనుకనున్నదో తెలిసికొని, సగము జాబితాను విడిచివేయవచ్చును. ఇట్లు సగము సగముగా తగ్గించుచు పోయిన 10 పర్యాయములలో పేరు దొరకును. లక్ష పేర్లకు 17 పర్యాయములు, కోటి పేర్లకు 24 పర్యాయములు చాలును. యంత్రమును మార్చకయే, పద్ధతిని మార్చుటచే పని ఇంత తగ్గినది. ఇట్టి పద్ధతులను కనుగొని, వాని వేగమును లెక్కించు శాస్త్రమే ఆల్గరిథమ్స్.

మూడవది గణితము. ఏదేని పథకమునకు అర్హత నిర్ణయించునపుడు ‘ఇది ఉండవలెను మరియు అది ఉండవలెను, లేదా మరియొకటి ఉండరాదు’ అని నిబంధనలు వ్రాయుదురు. ‘మరియు, లేదా, కాదు’ అను ఈ మూడు మాటలను పొరపాటు లేకుండ కూర్చుటయే తర్కగణితము. కంప్యూటరు లోపలి విద్యుత్ వలయములు కూడ ఈ తర్కము మీదనే నడచుచున్నవి.

నాలుగవది డేటాబేస్. ఒక ఇల్లు చేతులు మారినపుడు ఇంటి పన్ను రిజిస్టరులో యజమాని పేరు మార్చి, కుళాయి రిజిస్టరులో మార్చుట మరచినచో తగవు వచ్చును. ఒక సంగతిని ఒక్కచోటనే వ్రాసి, తక్కిన లెక్కలన్నియు అచ్చటి నుండియే గ్రహించునట్లు చేయుట ఇందలి ముఖ్య సూత్రము. ఒకే ఖాతానుండి ఇద్దరు ఒకే క్షణమున రొక్కము తీసినను లెక్క తప్పకుండుటయు ఈ పాఠమున నేర్పుదురు.

తరువాత ఆపరేటింగ్ సిస్టమ్: ఒక్క యంత్రము అనేక పనులను వంతుల వారీగ ఎట్లు నడుపునో తెలుపును. నెట్‌వర్కులు: ఒక వార్త ముక్కలు ముక్కలుగ బయలుదేరి, గమ్యమున మరల ఎట్లు కూడునో తెలుపును. కంపైలర్లు: మనము వ్రాసిన ప్రోగ్రాము యంత్రభాషలోనికి ఎట్లు మారునో తెలుపును. భద్రతాశాస్త్రము: రహస్యమును పరులకు చిక్కకుండ పంపు ఉపాయములను తెలుపును. పై తరగతులలో కృత్రిమ మేధ మొదలగు పాఠములుండును. చివర విద్యార్థి స్వయముగా ఒక ప్రాజెక్టు చేయవలెను.

అమీర్‌పేటలో నేర్పునది

డిగ్రీలోని పై పాఠములు పునాది వంటివి. శిక్షణ కేంద్రములు నేర్పునది ఆనాటి అంగడిలో గిరాకీ గల పనిముట్టు. 2000 సంవత్సరము సమీపించినపుడు, పాత ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసియుండుటచే 1900కును 2000కును భేదము తెలియని చిక్కు వచ్చెను. దానిని సరిదిద్దుటకు కోబాల్ భాష తెలిసినవారు విరివిగ కావలసివచ్చిరి. ఆ పని ముగియగనే ఆ గిరాకీ తగ్గెను. తరువాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్, శాప్ అను పేర్లు బోర్డులకెక్కెను. పిదప క్లౌడ్, డేటా సైన్స్, కృత్రిమ మేధ వచ్చెను. నేడు సామాన్యమైన ప్రోగ్రామును కృత్రిమ మేధయే వ్రాసి యిచ్చుచున్నది. అది వ్రాసినది సరియో కాదో తేల్చుటకు మాత్రము పునాది తెలిసిన మనుష్యుడు కావలెను.

అమీర్‌పేటను నిందించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము కాదు. కళాశాలలో అధ్యాపకులు చాలక, ప్రయోగశాల సరిగ లేక నష్టపోయిన గ్రామ విద్యార్థులెందరో అచ్చట పని నేర్చి ఉద్యోగములు పొందిరి. పునాది గలవానికి కొలది నెలల శిక్షణ పదును పెట్టును. పునాది లేనివాడు మాత్రము ఒక కోర్సు తరువాత మరియొక కోర్సు చేరుచు, హాస్టలు అద్దెలకే ఇంటి సొమ్ము వెచ్చించును. ఇంతకన్న హానికరమైనవి రెండు కలవు. చివరి ఏటి ప్రాజెక్టును డబ్బిచ్చి తయారుగ కొనుట మొదటిది. పని చేయకయే చేసినట్లు అనుభవ పత్రము సంపాదించుట రెండవది. కొన్న ప్రాజెక్టు వలన విద్య రాదు. దొంగ పత్రము విచారణలో బయటపడినచో వచ్చిన ఉద్యోగము కూడ పోవును.

సభ్యులు చేయదగిన పనులు

1. కళాశాలలో చేర్పించుటకు ముందు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఒకసారి అచ్చటికి పోవుడు. భవనమును మాత్రమే చూచి రావలదు. ప్రయోగశాలలో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క కంప్యూటరు కలదా, అధ్యాపకులు నిలకడగ నున్నారా అని పై తరగతి విద్యార్థులనే అడుగుడు.

2. సెలవులకు వచ్చిన విద్యార్థిని మార్కులు మాత్రమే అడుగవలదు. ‘అబ్బాయీ, నూరు పేర్లిచ్చెదను, అక్షరక్రమమున పెట్టు ప్రోగ్రామును మా యెదుట వ్రాసి చూపుము’ అని అడుగుడు. రెండవ సంవత్సరము ముగించినవానికి ఇది రావలెను. రానిచో గద్దింపక, ఇంకను రెండేండ్ల వ్యవధి యున్నదని చెప్పి శ్రద్ధ పుట్టింపుడు.

3. అప్పు చేసి శిక్షణకు పోవుటకు ముందు ఉచిత పాఠములను చూపుడు. ఐ.ఐ.టి. ఆచార్యులు బోధించు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు, కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదిక పాఠములు ఇంటినుండియే వినవచ్చును. ‘ఉద్యోగము మా పూచీ’ అని ముందుగ పెద్ద మొత్తము అడుగువారిని నమ్మవలదు.

4. చివరి ఏటి విద్యార్థికి ఊరి పనినే ప్రాజెక్టుగ నిండు. వీధిదీపముల మరమ్మతుల పట్టిక, మంచినీటి సరఫరా వేళలు, చెట్ల పెంపకపు లెక్క మొదలగునవి అందులకు తగినవి. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు మాత్రము విద్యార్థుల చేతికీయరాదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ లెక్కలు కూడ కంప్యూటరులో నడచుచున్నవి. కావున ఊరి పని తెలిసిన విద్యార్థి ఊరికిని సహాయకారి కాగలడు.

బావి త్రవ్వునపుడు ఊట తగిలినదా అని చూతుము గాని, గట్టుకు వేసిన రంగును చూడము. పొలము తాకట్టు పెట్టి కొనుచున్న ఈ చదువును కూడ అట్లే పరీక్షింపవలెను. పట్టము చేతికి వచ్చిన తరువాత కాదు, రెండవ ఏటనే ఈ విచారణ జరిగినచో అనేక కుటుంబములు రెండవ అప్పును తప్పించుకొనగలవు.