పాత డీజిల్ ఎస్టేటు కొనబోయే మేనల్లుడికి

కోవెంట్రీ,
శనివారం.

కార్తీక్,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 2008 స్కోడా ఆక్టేవియా ఎస్టేటు, 1.9 టీడీఐ. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వాడికి అంత పాత కారు ఎందుకురా, నువ్వైనా చెప్పు" అంది. నేను వద్దనడం లేదు. నీ అవసరానికి అది సరైన బండే. రోజూ మిల్టన్ కీన్స్ నుంచి రగ్బీకి ఎం1 ఎక్కి వెళ్లి రావాలి నువ్వు. డీజిల్ ఇంజినుకి కావలసింది అదే. బాగా వేడెక్కాలి, ఆ వేడి మీద చాలాసేపు తిరగాలి. ఇంటికీ నర్సరీకీ, నర్సరీకీ టెస్కోకీ మధ్య మాత్రమే తిరిగే డీజిల్ కారులో పొగలో కొంత మళ్లీ ఇంజినులోకి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి బిగుసుకుంటుంది, టర్బోలోని వేన్లు కదలడం మానేస్తాయి. ఓ రోజు హైవే ఎక్కుతుండగా లాగుడు పడిపోతుంది. నీ ఉద్యోగం దగ్గర్లో ఉండుంటే పెట్రోలు బండి కొనుక్కోమనే చెప్పేవాణ్ణి.

ఈ ఇంజిను సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదువు. ఇందులో డీజిల్‌ని ఒత్తిడితో పంపడానికి విడిగా పంపు ఉండదు. ఒక్కో సిలిండరుకి ఒక్కో ఇంజెక్టరు, పంపు కూడా అందులోనే. దాన్ని నొక్కేది కామ్‌షాఫ్టు. ఒత్తిడి 2000 బార్ దాకా వెళ్తుంది. అంత భారం మోసే లోహానికీ లోహానికీ మధ్య ఉండేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. అందుకే ఈ ఇంజిన్లు తయారుచేసిన ఫోక్స్‌వాగన్ వాళ్లు వీటికి 505 01 అని ప్రత్యేకంగా ఓ ఆయిల్ ప్రమాణం పెట్టారు. తర్వాత వచ్చిన 507 00 కూడా పనికొస్తుంది. చవగ్గా దొరికిందని ఏదో ఒక డీజిల్ ఆయిల్ పోస్తే కామ్‌షాఫ్టు అరుగుతుంది. అరుగుడు ఒక్కరోజులో తెలియదు. ముందు పైన టకటకమంటుంది, తర్వాత లాగుడు తగ్గుతుంది, అప్పటికి లిఫ్టర్లు కూడా పోయుంటాయి. ఆయిల్ డబ్బా వెనక ఆ అంకెలు నీ కళ్లతో చూసి కొను. గ్యారేజీలో పోయించినా బిల్లు మీద రాయించుకో. రెండేళ్లకోసారి మారిస్తే చాలనే లాంగ్‌లైఫ్ సర్వీసు జోలికి పోకు. పదివేల మైళ్లకి, లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు మార్చెయ్.

తర్వాతది టైమింగ్ బెల్టు. అది తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులని గుద్దుతాయి, ఇంజిను అక్కడితో సరి. మైళ్లు తక్కువ తిరిగినా రబ్బరుకి వయసు అయిపోతుంది. "ఈమధ్యే మార్చారు" అని అమ్మేవాడు నోటిమాటగా చెబితే నమ్మకు, బిల్లు అడుగు. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు బేరంలో తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించు. వాటర్ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే, కాబట్టి పంపు, టెన్షనరు ఒకేసారి వేయించు. పంపు విడిగా పోతే మళ్లీ అదే విప్పుడు, అదే కూలీ.

క్లచ్ దగ్గర ఓ పరీక్ష ఉంది. బండి న్యూట్రల్‌లో, ఇంజిను ఐడిల్‌లో ఉండగా క్లచ్ మెల్లగా నొక్కి వదులుతూ విను. గలగలమంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీలు చివరికొచ్చిందని అనుమానించాలి. క్లచ్‌తో కలిపి మారిస్తే వందల పౌండ్ల పని.

ఈ బండికి పొగ ఫిల్టరు, అదే డీపీఎఫ్, ఉందో లేదో కనుక్కో. ఆ 1.9 ఇంజిన్లలో రెండు రకాలూ వచ్చాయి. కంపెనీ పెట్టిన ఫిల్టరుని ఎవరైనా పీకేసి ఉంటే బండి ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ పాస్ కాదు. 2018 మే నుంచి ఫిల్టరున్న బండి ఏ రంగు పొగ కక్కినా ఫెయిలే. 2015లో బయటపడిన ఫోక్స్‌వాగన్ ఉద్గారాల మోసం గురించి అడిగావు. అది తర్వాతి తరం ఈఏ189 ఇంజిన్లది, ఈ 1.9కి సంబంధం లేదు.

ఎంఓటీ అంటే గుర్తొచ్చింది. కారు నంబరు కొడితే గవర్నమెంటు వెబ్‌సైటులో పాత ఎంఓటీలన్నీ ఉచితంగా కనిపిస్తాయి. పెళ్లి సంబంధానికి ముందు ఊళ్లో వాకబు చేసినట్టు, కారు చూడబోయే ముందే అవన్నీ చదువు. మైళ్లు ఏటేటా సాఫీగా పెరిగాయా, మధ్యలో తగ్గాయా? ముఖ్యంగా అడ్వైజరీలు, అంటే టెస్టరు రాసిన హెచ్చరికలు, చూడు. బ్రేకు పైపులకి తుప్పు అని మూడేళ్లు వరసగా రాసి ఉండి కూడా బాగుచేయించలేదంటే ఆ యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు జల్లుతారు, అది అడుగుభాగాన్ని తినేస్తుంది. పైన పాలిష్ చూసి మోజుపడకు, కింద వంగి చూడు. ఫైనాన్సు బాకీ ఏమైనా ఉందేమో కూడా చెక్ చేయించు. వీ5సీ కాగితం బండి ఎవరి పేరున నమోదైందో చెబుతుంది, సొంతదారు ఎవరో చెప్పదు. 2014 అక్టోబరు నుంచి పాత యజమాని కట్టిన రోడ్ ట్యాక్సు కొన్నవాడికి రాదు. నువ్వు కట్టాకే రోడ్డెక్కాలి.

ఇక లండన్. ఇది యూరో 6 డీజిల్ కాదు కాబట్టి కాలుష్యపు బళ్లకి చార్జీ వేసే యూలెజ్ జోన్‌లో రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ మొత్తం ఆ పరిధిలోకి వచ్చింది, హీత్రో కూడా. అక్కా బావగారూ దిగేది అక్కడే కదా. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. విమానం రాత్రి పొద్దుపోయి దిగి, మీరు పన్నెండు దాటాక బయటపడితే రెండు రోజుల చార్జీ పడుతుంది. తర్వాత మూడో రోజు అర్ధరాత్రిలోగా కట్టెయ్, లేకపోతే జరిమానా. బర్మింగ్‌హామ్‌లో మిడిల్‌వే రింగు రోడ్డు లోపలికెళ్తే ఇలాంటి చార్జీయే రోజుకి 8 పౌండ్లు. టివిడేల్ బాలాజీ గుడికి ఎం5 మీద నుంచి వెళ్తే ఆ గొడవ లేదు.

ఈ చార్జీలు డబ్బు గుంజడానికేనని మనవాళ్లు తిట్టుకుంటుంటారు. నేను ఒప్పుకోను. లండన్‌లోని లూయిషమ్‌లో ఎల్లా కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో ఆస్తమాతో చనిపోయింది. ఆమె మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని 2020లో కరోనర్ తేల్చాడు. బండికి ఎప్పటికప్పుడు సర్వీసు చేయించు. నర్సరీ గేటు ముందు మాత్రం ఇంజిను ఆన్‌లో పెట్టి కూర్చోకు నాయనా.

ఇన్సూరెన్సు ఎక్కువ చెబుతున్నారని, పాలసీ నా పేరున తీసుకుని నిన్ను రెండో డ్రైవరుగా చూపించమన్నావు. ఆ పని చేయను. రోజూ నడిపేది నువ్వైతే ప్రధాన డ్రైవరు నువ్వే. అబద్ధం చెబితే అది మోసం కింద లెక్క. యాక్సిడెంటయితే కంపెనీ క్లెయిము కొట్టేయొచ్చు, నీ పేరుకి మచ్చ మిగులుతుంది. ఇంకోటి, నువ్వొచ్చి పది నెలలైంది. ఇండియా లైసెన్సు మీద నడపనిచ్చేది పన్నెండు నెలలే. ఇక్కడి ప్రొవిజినల్ లైసెన్సుకి వెంటనే పెట్టు. పరీక్ష తేదీలు దొరకడం కష్టం, ఆలస్యమైతే కొన్న బండి వాకిట్లో నిలబడిపోతుంది.

రేపు కారు చూడటానికి నేనూ వస్తాను. రిజిస్ట్రేషన్ నంబరు ఈ రాత్రికే పంపు, ఎంఓటీలు ఇద్దరం చూద్దాం. మనం వచ్చేదాకా ఇంజిను స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి గట్టిగా చెప్పు. చల్లటి ఇంజిను ఎలా అందుకుంటుందో, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో చూడాలి. వేడిచేసి పెట్టుంటే బేరం వాయిదా వేసి, ఇంకో పొద్దున వెళదాం.

స్రవంతికీ పాపకీ ఆశీస్సులు.

మామయ్య