ఆయన తేరుకుని ఉన్నప్పుడే మాట్లాడండి

సమస్య

నా వయసు 38. మా వారిది తెనాలి దగ్గర ఎరువులు, పురుగుమందుల కొట్టు. మనిషి నెమ్మది, మాట కూడా తక్కువే. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లాక ఉన్నట్టుండి మారిపోయారు. రాత్రి రెండు గంటలు పడుకుంటే ఎక్కువ, అయినా అలసట లేదు. అర్ధరాత్రి స్నేహితులకు ఫోన్లు చేసి తెగ మాట్లాడేవారు. నాకు చెప్పకుండా మూడు రూపాయల వడ్డీకి తెచ్చి రెండు ప్లాట్లకు బయానా ఇచ్చేశారు. ఇదేమిటని అడిగితే నలుగురి ముందు నోటికొచ్చినట్టు తిట్టారు. ఎండాకాలం వచ్చేసరికి అదే మనిషి గది తలుపేసుకుని, స్నానం కూడా మానేసి పడుకున్నారు. గుంటూరులో డాక్టరు గారు చూసి బైపోలార్ అన్నారు. లిథియం మాత్రలతో కుదుటపడ్డారు. ఇప్పుడేమో “బాగానే ఉన్నాగా, చేతులు వణుకుతున్నాయి, మానేస్తా” అంటున్నారు.

అత్తయ్య గారు “నువ్వు సర్దుకుపోతే వాడికి ఇదంతా ఎందుకొచ్చేది?” అంటారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి “నాకూ వస్తుందా అమ్మా?” అని అడిగింది. ఆ తిట్లు జబ్బు తిట్టించినవా, ఆయన మనసులో ఉన్నవేనా? ఎన్నాళ్లిలా కాపలా కాయాలి?

– ఒక సోదరి, తెనాలి ప్రాంతం

సలహా

అమ్మా, భార్య సర్దుకుపోనందుకు వచ్చే జబ్బు కాదిది. వంశంలో ఉండటం పెద్ద కారణం. నిద్ర చెడితే, ఒత్తిడి పెరిగితే బయటపడుతుంది. ఆ నింద మీరు మోయనక్కర్లేదు.

ఉద్రేకం ముదిరిన రోజుల్లో అన్న మాటల్ని ఆయన మనసులోని మాటలుగా తీసుకోకండి. అలాగని మీకు తగిలిన గాయం ఉత్తదేమీ కాదు. తేరుకున్న మనిషి అది విని తీరాలి. ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటే మాత్రం, జబ్బు కదా అని ఓర్చుకోవద్దు. పాపను తీసుకుని వెంటనే పుట్టింటికో, నమ్మకమైన వాళ్లింటికో వెళ్లండి.

మాత్రలు ఆయనంతట ఆయన ఆపేయకూడదు. బాగున్నారంటే అందులో మందు పాత్ర చాలా ఉంది, హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. లిథియం ఈ జబ్బుకు పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ రాశారు. నేటికీ ముఖ్యమైన మందుల్లో అదొకటి. చేతుల వణుకు దానివల్ల వచ్చేదే కావచ్చు. డాక్టరుకు చెబితే మోతాదు సరిచేస్తారు, లేదా మందు మారుస్తారు. రక్తంలో లిథియం ఎంతుందో, కిడ్నీలు, థైరాయిడ్ ఎలా ఉన్నాయో డాక్టరు చెప్పిన గడువుల్లో చూపించాలి. మన ఎండల్లో చెమటలు బాగా పట్టినా, వాంతులు విరేచనాలు అయినా రక్తంలో అది ప్రమాదకరంగా పెరగొచ్చు. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో ఏదో ఒక బిళ్ల కొని వేసుకోవడమూ వద్దు.

మీరు అసలు చేయాల్సిన పని ఇంకొకటుంది. మళ్లీ ఆ ఉద్రేక దశ వచ్చాక ఏం చెప్పినా ఆయన వినిపించుకోరు. అందుకే ఇప్పుడు, తేరుకుని ఉన్నప్పుడు, ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాసుకోండి. రాయాల్సింది ఆయన చేత్తోనే. వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే డాక్టరుకు ఫోన్ చేయడానికి మీకు అనుమతి ఉందని రాయమనండి. బ్యాంకు ఖాతాలో పెద్ద మొత్తాలకు ఇద్దరి సంతకాలు ఉండాలి, మీకు చెప్పకుండా ఆయన అప్పు తేకూడదు. ఎవరి మాట వింటారో ఆయన్నే చెప్పమనండి. జబ్బు ముదిరినప్పుడు తనకు ఎలాంటి వైద్యం కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. ఆ పద్ధతేమిటో డాక్టరును అడగండి.

మీది పురుగుమందుల కొట్టు కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతున్నాను. దిగులు దశలో ఆ మందులుండే గది తాళాలు ఆయన దగ్గర ఉండనివ్వకండి. “నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు” లాంటి మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాపకు దాచకుండా చెప్పండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో వందకు ఐదు నుంచి పది మందికి రావచ్చంటారు. అంటే ఎక్కువమందికి రాదు. నాన్నకు జబ్బు చేసిందని, అందులో తన తప్పేమీ లేదని ఆ పిల్ల మీ నోట వినాలి.

కాపలా అంతా మీ ఒక్కరిదే కాకూడదు. మరిదో, ఆయన స్నేహితుడో పాలుపంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఫోను రోగులకే కాదు, మీకు నిద్ర పట్టని రాత్రి మీరూ చేయవచ్చు. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు అత్తయ్య గారినీ వెంట తీసుకెళ్లండి. ఇది మీవల్ల రాలేదన్న మాట ఆవిడ డాక్టరు నోటే వినాలి.