కెర్నెల్ నెంబరుకు తోక ఎందుకు?

మా నాన్న విత్తనాల సంచీ కొనేటప్పుడు రకం పేరు చూసి ఊరుకోడు. ట్యాగు తిప్పి లాటు నెంబరు కూడా రాసుకుంటాడు. "రకం ఒకటైతే లాటు ఒకటవుద్దా?" అంటాడు. సైన్సు చదువుతున్న నేను కంప్యూటరు దగ్గర ఆ మాట మరచి, ప్రాజెక్టు చూపించాల్సిన ముందు రాత్రి బోల్తాపడ్డాను.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం కెర్నెల్. మెమరీతోను, డిస్కుతోను, యంత్రంలోని ప్రతి భాగంతోను మాట్లాడేది అదే. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్సు కెర్నెల్‌నే తీసుకుందాం. నేను పని చేసిన మూడు యంత్రాల్లోనూ డెబియన్ 12 ఉంది. ఒకటి పాత 32 బిట్ల డెస్క్‌టాప్, ఒకటి 64 బిట్లది, మూడోది అరచేతిలో పట్టే ఆర్మ్ బోర్డు. "యూనేమ్ -ఆర్" అని అడిగితే మూడూ 6.1.0-18 అనే చెప్పాయి. చివరి తోకలు మాత్రం వేరు: 686, ఎఎండి64, ఆర్మ్64.

ఇందులో 6.1 అన్నది మూల ప్రోగ్రాము వరుస. పక్కనున్న సున్నాను నమ్మకండి! ఈ కెర్నెల్ నిజానికి 6.1.76 నుంచి తయారైంది. "యూనేమ్ -వి" అని అడిగితేగాని ఆ గుట్టు బయటపడదు. 18 అన్నది డెబియన్ వారి లెక్క. కెర్నెల్‌కూ డ్రైవర్లకూ మధ్య ఉన్న ఒప్పందం మారితే అదీ మారుతుంది. నాన్న లాటు నెంబరు వంటిదన్నమాట.

ఇక తోక సంగతి. ఒకే మూలాన్ని ఒక్కో రకం ప్రాసెసరుకు విడివిడిగా కంపైలు చేస్తారు. ఒకే కళ్లంలోని ధాన్యం ఒక మిల్లులో పచ్చి బియ్యం, ఇంకో మిల్లులో ఉప్పుడు బియ్యం అయినట్టు. ఇక్కడో తమాషా ఉంది. ఇంటెల్ ప్రాసెసరున్న డెస్క్‌టాప్‌కు కూడా ఎఎండి64 తోకే! ఆ 64 బిట్ల పద్ధతిని రూపొందించి 2003లో ప్రాసెసర్లలో తెచ్చింది ఎఎండి కంపెనీ. ఇంటెల్ తర్వాత అదే దారి పట్టింది. అదే యంత్రాన్ని "యూనేమ్ -ఎమ్" అని అడిగితే ఎక్స్86_64 అంటుంది. ఊళ్లో పిలిచే పేరొకటి, రేషను కార్డులో పేరొకటి అయినట్టు.

సొంతంగా కెర్నెల్ కట్టుకునేవారికి ఇంకో లెక్క ఉంది. ఒకే ఫోల్డరులో మళ్లీ మళ్లీ కడితే 1, 2, 3 అని వరుస పెరుగుతుంది. అది ఆ ఫోల్డరు లెక్కే, పక్కవాడి 3తో పోల్చి లాభం లేదు.

ఇక నా బోల్తా. మట్టిలో తేమ చూసి కబురు పంపే పరికరం మా ప్రాజెక్టు. అది పని చేస్తే నాన్నకు తడి చూడడానికి రాత్రుళ్లు పొలం వెళ్లే బాధ తప్పుతుంది. ఆర్మ్ బోర్డుకు వైఫై డ్రైవరు కావాలి. బోర్డు నెమ్మదిగా కడుతుందని, నెంబరు ఒకటే కదా అని, డెస్క్‌టాప్‌లో చకచకా కట్టి పెన్‌డ్రైవులో తెచ్చి పెట్టాను. "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అన్నది. మళ్లీ కట్టాను, మళ్లీ అదే. అర్ధరాత్రి దాటాక గాని నా చూపు తోక మీద పడలేదు.

ఆర్మ్64 తోకే ఉన్న హెడర్లు తెచ్చి, బోర్డు మీదే కట్టడం మొదలుపెట్టాను. కోడి కూసే వేళకు డ్రైవరు ఎక్కింది. పొద్దున్నే నాన్నకు ఫోను చేసి ఇదంతా చెప్తే, "ట్యాగు చూసుకోలేదా?" అన్నాడు.