మంటలార్పే ఇంజినుకు చల్లదనం

వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాలలో మిల్లు పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం నేడు చాళ్లను విడిచి బహుళ అంతస్తుల భవనాలలో నివసిస్తున్నాయి. చాళ్‌లో కుళాయి చెడినా, మెట్టు విరిగినా ఆ పూటే అందరికీ తెలిసేది. భవనంలో మాత్రం అందరికీ ఉమ్మడి సొత్తయి ఉండి, ఎవరి కంటా పడని యంత్రమొకటి ఉంటుంది. పంపుగదిలో ఎర్రని పైపుల నడుమ నిలిచి ఉండే డీజిల్ ఇంజిను అది. విద్యుత్తు నిలిచిపోయినా, విద్యుత్ పంపు మొరాయించినా, మంటలు లేచిన అంతస్తుకు నీరెక్కించే భారం దానిదే.

మండిన డీజిల్‌లోని శక్తిలో రమారమి మూడోవంతు మాత్రమే పంపును తిప్పడానికి వినియోగమవుతుంది. తక్కినదంతా వేడి. అందులో కొంత పొగగొట్టం గుండా పోగా, మిగిలిన దానిలో అధికభాగాన్ని ఇంజిను లోపల తిరిగే కూలెంట్ మోసుకుపోవాలి. రోడ్డుపై పరుగెత్తే లారీకి ఎదురుగాలి తోడ్పడుతుంది. పంపుగదిలోని ఇంజినుకు ఆ సదుపాయం లేదు. పైగా వారమంతా కదలక నిలిచి, పిలుపు అందిన క్షణాలలోనే పూర్తి బరువును ఎత్తుకోవలసి ఉంటుంది.

కూలెంట్ మోసుకొచ్చిన వేడిని వదిలించే మార్గాలు రెండు. కొన్ని ఇంజిన్లకు ఫ్యాను, రేడియేటరు ఉంటాయి. ఆ గదిలోకి చల్లగాలి వచ్చే దారి, వేడిగాలి పోయే దారి రెండూ తెరిచి ఉండాలి. రేడియేటరు ఎదుట పాత సైకిళ్లు, గణపతి మండపం చెక్కలు పేర్చడం అనేక సొసైటీలలో కనిపించే అలవాటు. మరికొన్ని ఇంజిన్లలో పంపు తోసే నీటినుండే ఒక సన్నని పాయను చీల్చి, వాల్వు, జల్లెడ, ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటరు గుండా ఉష్ణమార్పిడి పాత్రలోకి పంపుతారు. ఆ నీరు కూలెంట్‌తో కలవకుండానే దాని వేడిని గ్రహించి, సాధారణంగా కంటికి కనబడే గరాటులోకి జారి బయటకు పోతుంది. ట్యాంకు అడుగున పేరుకున్న మట్టి, పైపుల తుప్పు పెచ్చులు వచ్చి చిక్కుకునేది ఆ జల్లెడలోనే. నిమిషానికి వేల లీటర్లు పైకి తోసే ఇంజిను, గుప్పెడు చెత్త అడ్డుపడి దాహంతో చస్తుంది!

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. మంటల వేళ తనంత తాను మొదలైన ఇంజిను, వేడి పెరిగిందన్న కారణంతో ఆగిపోకూడదన్నది అగ్నిమాపక పంపులకు అంతర్జాతీయ ప్రమాణాలు విధించిన నియమం. హెచ్చరిక గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది, ఇంజిను మాత్రం పాడయ్యే దాకా నడుస్తూనే ఉంటుంది. భవనాన్ని కాపాడేందుకు యంత్రాన్ని బలిపెట్టడానికైనా సిద్ధపడిన ఏర్పాటిది. కనుక చల్లబరిచే ఏర్పాటులోని లోపాన్ని ఆనాటికి ముందే పట్టుకోవాలి.

వారం వారం జరిపే పరీక్ష ఉద్దేశ్యం అదే. అయితే ఐదు నిమిషాలు నడిపి, శబ్దం విని, రిజిస్టరులో సంతకం పెట్టడంతో అది నెరవేరదు. థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ చేరువలో గాని తెరుచుకోదు. అంతవరకు కూలెంట్ రేడియేటరుకో ఉష్ణమార్పిడి పాత్రకో పూర్తిగా చేరదు, లోపమున్నా బయటపడదు. అందుకే 30 నిమిషాలు నడపాలి. ఆపరేటరు ఆ సేపంతా దగ్గరే ఉండి, గేజిలోని ముల్లు ఎక్కి ఒకచోట నిలకడగా ఆగుతున్నదా, గరాటులోకి నీరు ధారగా పడుతున్నదా అని చూడాలి. ధార సన్నబడితే జల్లెడను అనుమానించాలి. పరీక్ష ముగిశాక జల్లెడను విప్పి కడగడం ఎలాగూ తప్పదు.

ముంబయిలో నీరు గడ్డకట్టదు గదా, కూలెంట్ ఎందుకని కుళాయి నీరు పోసేవారున్నారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనులలో ఒకటి మాత్రమే. అది తుప్పును అడ్డుకుంటుంది, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. కుళాయి నీటిలోని లవణాలు లోగోడలపై సున్నపు పొరగా పేరుకుని వేడిని బయటికి రానీయవు. ఇంజిను వేడెక్కుతున్నదని థర్మోస్టాట్‌ను పీకి పారేసే మెకానిక్కులూ లేకపోలేదు. అది వైద్యం కాదు. ఇంజిను వేడిగా ఉండగా రేడియేటరు మూతను ఎన్నడూ తిప్పరాదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. బెల్టు సడలినా, అంచులు పీచుపీచుగా విడినా, రబ్బరు గొట్టాలు నొక్కితే మెత్తగానో పెళుసుగానో తగిలినా వెంటనే మార్పించాలి.

మహారాష్ట్ర 2006 అగ్నినివారణ చట్టం ప్రకారం అగ్నిమాపక ఏర్పాట్లు సక్రమంగా ఉన్నాయని లైసెన్సు పొందిన సంస్థ ఇచ్చే ధృవపత్రాన్ని ఏటా జనవరిలోను, జూలైలోను సమర్పించాలి. ఆ సమయాలలో పంపుగది రిజిస్టరును చూపమని సెక్రటరీని అడగడంలో తప్పేమీ లేదు. అది మరాఠీలో ఉంటే ఈ నాలుగు మాటలు తెలిస్తే చాలు: ‘తపాసణీ’ అంటే తనిఖీ, ‘తాపమాన్’ అంటే ఉష్ణోగ్రత, ‘గళతీ’ అంటే కారడం, ‘బంద్’ అంటే మూసి ఉండడం. ఉష్ణమార్పిడి పాత్రకు నీరు తెచ్చే పైపుకు సమాంతరంగా, అవసరానికి చేతితో తెరిచేందుకు మరో పైపు ఉంటుంది. ఆ రెండో పైపు వాల్వు ఎదుట ‘బంద్’ అని రాసి ఉండడం మామూలే. అదే మాట మొదటి పైపులోని చేతి వాల్వు ఎదుట కనిపిస్తే ఆ రోజే సెక్రటరీకి చెప్పాలి.